గొంతు వెనక్కి పోయిందంటే పెంచాల్సింది గొంతు కాదు

ప్రశ్న క్లుప్తంగా: కావలి నుంచి నెల్లూరికి రోజూ బస్సులో పోయి రావడం. వారం కింద 1,800 రూపాయలు పెట్టి చెవి మొత్తం మూసే బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నారు. కళ్లజోడు ఉంది. బేస్ గుమ్మంటోంది, పాడేవాళ్ల గొంతు వెనక గదిలోంచి వస్తున్నట్టుంది, 'స' వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటోంది. ఫోన్‌లో 'రాక్' ప్రీసెట్ (ముందే సిద్ధం చేసి పెట్టిన సెట్టింగ్), కంపెనీ యాప్‌లో 'బేస్ బూస్ట్' పెట్టి చూస్తే ఇంకా పాడైంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో కూడా వింటారు. ఈక్వలైజర్ (శబ్దంలో కింది, మధ్య, పై భాగాలను విడివిడిగా ఎత్తే, దించే సాధనం) ఎట్టా పెట్టాలి?

జవాబు:

మీరు రాసిన మూడు లక్షణాలూ ఈ ధరలో దొరికే హెడ్‌ఫోన్లలో మామూలే. షాపులో పెట్టుకోగానే 'అబ్బ' అనిపించాలని కింద బేస్‌నీ, పైన ట్రెబుల్‌నీ (సన్నటి శబ్దాలనీ) ముందే ఎత్తి పెడతారు. 'రాక్' ప్రీసెట్ చేసేది కూడా అదే పని: రెండు చివరలూ ఎత్తుతుంది, మధ్యలో దించుతుంది. దానిమీద బేస్ బూస్ట్ ఒకటి. చేపల పులుసులో ఉప్పెక్కువైందని ఇంకో గుప్పెడు వేసినట్టయింది.

గొంతు వినపడటం లేదు కాబట్టి గొంతుండే చోట పెంచుదామని అందరికీ తోస్తుంది. ముందు చేయాల్సింది అది కాదు. కింది ఫ్రీక్వెన్సీల శబ్దం బలంగా ఉంటే తనకన్నా పైనున్న శబ్దాలను చెవిలోనే కప్పేస్తుంది. పైనున్నది కిందిదాన్ని అంతగా కప్పలేదు. అందుకే 150 నుంచి 250 హెర్ట్జ్ (ఫ్రీక్వెన్సీకి కొలత, అంకె పెరిగే కొద్దీ శబ్దం సన్నబడుతుంది) మధ్య వాపు, అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ మోత, ఉంటే దాని నీడ గొంతు మీద పడుతుంది. ఆ వాపును 4, 5 డెసిబెల్స్ దించితే చాలాసార్లు గొంతు దానంతటదే ముందుకొస్తుంది, ఏమీ పెంచక్కర్లేదు. మీరు బేస్ అనుకుంటున్న గుమ్ము కూడా నిజానికి లోతైన బేస్ కాదు. లోతైన బేస్ 30 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, చెవికంటే ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టుండే గుమ్ము ఎప్పుడూ 120 పైనే.

స్లైడర్లు ముట్టుకునే ముందు రెండు పనులున్నాయి.

మొదటిది, ఉన్న ఈక్వలైజర్లన్నీ ఆపేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో డాల్బీ గానీ ఇంకేదైనా సౌండ్ ఎఫెక్ట్ గానీ ఉంటే అది, పాటల యాప్‌లో ఉండేది, హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లో ఉండేది, మూడూ. కంపెనీ యాప్‌లో పెట్టిన సెట్టింగ్ చాలా మోడళ్లలో హెడ్‌ఫోన్ లోపలి చిప్‌లోనే నిలిచిపోతుంది. ఫోన్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌కి కలిపినా అది వెంటే వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎంత సరిచేసినా గుమ్ము తగ్గలేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. మూడింటిలో ఒకదాన్నే వాడాలి.

రెండోది కళ్లజోడు. కాడ మెత్త కిందికి దూరిన చోట సన్నటి సందు పడుతుంది, లోతైన బేస్ మొత్తం అందులోంచి కారిపోతుంది. 150 పైనుండే గుమ్ము మాత్రం అంతగా కారదు. ఫలితంగా లోతు లేని గుమ్ము మిగులుతుంది, సరిగ్గా మీరు చెప్పినట్టే. పరీక్ష సులువు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా తెరిచి 50 హెర్ట్జ్ మోగించండి, వాల్యూమ్ తక్కువలో. ఆ మోత వింటూ కాడ ఉన్న చోట కప్పును వేలితో మెల్లగా అదమండి. శబ్దం ఒక్కసారి లేచిందంటే సందు ఉన్నట్టే. జోడు తీసేసి ఇంకోసారి వినండి. పల్చటి కాడల జోడుతోనో, కప్పును అర అంగుళం ముందుకో వెనక్కో జరిపితేనో పోయే తేడాను ఈక్వలైజర్‌తో పూడ్చబోతే నీళ్లు కారే కుండలో ఇంకో బిందె పోసినట్టే. డ్రైవర్ (హెడ్‌ఫోన్ లోపలుండే చిన్న స్పీకర్) మీద భారం పడుతుంది, బేస్ మాత్రం రాదు. చెవిలో దూర్చే రకం వాడేవాళ్లకైతే ఇదే మాట రబ్బరు మూతల సైజుకు వర్తిస్తుంది. పెట్టుకుని 'మ్' అని మూలిగితే మీ గొంతు రెండు చెవుల్లో సమానంగా దద్దరిల్లాలి. ఒకవైపు తక్కువ దద్దరిల్లితే ఆ వైపు మూత చిన్నది.

ఇంక ప్రీయాంప్, అంటే ఈక్వలైజర్‌లో శబ్దం మొత్తాన్నీ ఒకేసారి ఎత్తే, దించే మీట. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. డిజిటల్ శబ్దానికి సున్నా డెసిబెల్ అనే పైకప్పు ఉంటుంది. ఈ కాలం పాటలన్నీ ఆ కప్పుకి తల ఆనించే మిక్స్ అవుతున్నాయి. మీరు 60 దగ్గర 6 డెసిబెల్స్ పెంచితే డప్పు దెబ్బ కప్పుని గుద్దుకుని తల తెగుతుంది. అదే క్లిప్పింగ్. పెద్ద దెబ్బ పడ్డప్పుడల్లా గొంతులో కూడా చర్రుమనే గీర వినపడితే అదే. మందు ఒక్కటే: అన్నిటికన్నా ఎక్కువ పెంచిన స్లైడర్ ఎంతుందో అంత ప్రీయాంప్ దించాలి. ప్లస్ 3 ఉంటే ప్రీయాంప్ మైనస్ 3. దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఫిల్టర్లను (ఒక్కో చోట చేసే సర్దుబాటును ఫిల్టర్ అంటారు) పెంచితే అవి ఒకదానిమీద ఒకటి ఎక్కి కూడుకుంటాయి, కాబట్టి ఇంకాస్త దించుకోవాలి. అన్నీ తగ్గించడమే అయితే ప్రీయాంప్ ముట్టుకోనక్కర్లేదు. తగ్గించి సరిచేసే పద్ధతిలో ఉన్న సుఖం ఇదే.

పోల్చి చూసేటప్పుడు కూడా మోసం ఇక్కడే జరుగుతుంది. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మన చెవికి 'ఇదే బాగుంది' అనిపిస్తుంది. ఈక్వలైజర్ ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు గొంతు ఒకే ఎత్తులో వినపడేలా వాల్యూమ్ సరిచేసుకుని అప్పుడు తీర్పు చెప్పండి.

ఫోన్‌లో ఉండే మామూలు ఐదు స్లైడర్లతో ఎంతవరకు పోవచ్చో చూద్దాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్. మీకైతే 230ని మైనస్ 4కి దించండి, 60ని మైనస్ 1, మిగతావి సున్నా. రెండు రోజులు అట్టాగే వినండి. మొదటి పది నిమిషాలు 'సారం పోయింది' అనిపిస్తుంది, ఎందుకంటే చెవి వారం రోజులుగా గుమ్ముకి అలవాటు పడింది. రెండో రోజుకీ పలుచగా ఉంటే 230ని మైనస్ 3 చేయండి. గొంతు ఇంకా వెనకే ఉంటే అప్పుడు 3,600ని ప్లస్ 1 లేదా 2. అంతకు మించొద్దు, చెవి బాగా చురుగ్గా పట్టే చోటు అదే కాబట్టి గంటలోపే తలనొప్పి.

'స' గుచ్చుకోవడానికి మాత్రం ఈ ఐదింటిలో మందు లేదు. ఆ జబ్బు 5,000 నుంచి 9,000 మధ్య ఎక్కడో ఉంటుంది. మీ స్లైడర్లేమో 3,600 నుంచి ఒకే దూకుడులో 14,000కి పోతాయి. 14,000 దించితే 'స' గుచ్చుకుంటూనే ఉంటుంది, తాళాల మెరుపు మాత్రం చచ్చిపోతుంది. దీనికి పారామెట్రిక్ ఈక్వలైజర్ కావాలి. అందులో ప్రతి ఫిల్టర్‌కీ మూడు విషయాలు మీ చేతిలో ఉంటాయి: ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని డెసిబెల్స్, ఎంత వెడల్పు. వెడల్పును క్యూ అంటారు. క్యూ పెరిగే కొద్దీ ఫిల్టర్ సన్నబడుతుంది. సంగీతం తెలిసినవాళ్లకు సులువుగా చెప్పాలంటే క్యూ 1.4 అంటే దాదాపు ఒక స్థాయి వెడల్పు, సరిగమపదని తిరిగొచ్చి పై షడ్జం చేరేంత. 180 దగ్గర పెడితే సుమారు 127 నుంచి 255 దాకా దాని ప్రభావం. ఫోన్‌లో పవర్‌యాంప్ ఈక్వలైజర్‌లో పారామెట్రిక్ ఉంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో ఉచితం, దానిమీద పీస్ అనే ముసుగు యాప్ వేసుకుంటే స్లైడర్లు కనపడతాయి.

ఎక్కడ తగ్గించాలో పట్టుకునే పద్ధతి ఇది. వాల్యూమ్ మామూలుకన్నా బాగా తగ్గించండి. ఒక్క ఫిల్టర్ పెట్టి ప్లస్ 6, క్యూ 4 చేయండి. మగగొంతు పాట ఒకటి పెట్టి ఆ ఫిల్టర్‌ను 100 నుంచి 500 దాకా మెల్లగా జరుపుతూ పోండి. ఏదో ఒకచోట మీకు ముందునుంచీ చిరాకు పెడుతున్న గుమ్మే పదింతలై గది మొత్తం నిండుతుంది. అదే చోటు. అక్కడ ఆపి ప్లస్‌ను మైనస్ 5 చేసి క్యూను 1కి తెచ్చి వెడల్పు చేయండి. ఒక హెచ్చరిక: పెంచి జరిపితే ప్రతి చోటా చెడుగానే వినపడుతుంది. చెడుగా వినపడ్డ ప్రతి చోటా కోయొద్దు, ముందే ఉన్న చిరాకును గుర్తుపట్టిన చోటే ఆగండి.

'స' కోసం పెంచి జరపడం చెవులకు మంచిది కాదు. తిరగేసి చేయండి: మైనస్ 6, క్యూ 4తో 4,000 నుంచి 9,000 దాకా జరపండి, ఎక్కడ ముల్లు విరిగిందో వినండి. ఇక్కడ తెలుగు అక్షరాలే మీకు పనికొచ్చే కొలబద్ద. 'స' పలికేటప్పుడు గాలి పళ్ల సందులోంచి సన్నగా పోతుంది, దాని బలం 5,000 పైన. 'శ', 'ష' పలికేటప్పుడు నాలుక వెనక్కి పోయి ముందు ఖాళీ పెరుగుతుంది, అందుకే వాటి బలం కిందికి దిగి 3,000, 4,000 ప్రాంతంలో ఉంటుంది. మీకు బాగా తెలిసిన న్యూస్ రీడర్ గొంతు పెట్టి వినండి. 'సింహపురి', 'సోమశిల'లో 'స' గుచ్చుకుని, 'సోమశిల'లో 'శి' మామూలుగా ఉంటే ముల్లు 6,000 పైనుంది. 'శి' కూడా గీసుకుపోతుంటే ఇంకా కింద, 4,000 దగ్గర వెతకండి. దొరికాక మైనస్ 3 లేదా 4, క్యూ 3. 'స' కాస్తా 'త'లా, నత్తిగా వినపడుతోందంటే ఎక్కువ కోశారని అర్థం.

ఇవన్నీ చేశాక మీ హెడ్‌ఫోన్‌కి దాదాపు ఇట్టాంటి లెక్క తేలుతుంది. అంకెలు మీ చెవిని బట్టి జరుగుతాయి, ఇది మొదలుపెట్టేదానికి మాత్రమే (పీక్ అంటే ఒక చోటునే ఎత్తే, దించే ఫిల్టర్):

ప్రీయాంప్ మైనస్ 2
పీక్, 180 హెర్ట్జ్, మైనస్ 5, క్యూ 1
పీక్, 3,000 హెర్ట్జ్, ప్లస్ 2, క్యూ 1.2
పీక్, 6,500 హెర్ట్జ్, మైనస్ 4, క్యూ 3

మధ్యలో ఆ 3,000 ఎందుకంటే, మన చెవి డొప్ప, చెవి రంధ్రం కలిసి ఆ ప్రాంతాన్ని సహజంగానే ఎత్తి వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ సహజమైన దారి మారిపోతుంది కాబట్టి తయారు చేసేవాళ్లే అక్కడ కొంత ఎత్తాలి. ఎత్తకపోతే మనిషి తలుపు అవతల నిలబడి పాడినట్టుంటుంది. 180 దించాక కూడా అట్టా ఉంటేనే ఈ లైను వేసుకోండి, లేకుంటే తీసేయండి, ప్రీయాంప్‌ను సున్నా చేయండి.

ల్యాప్‌టాప్ సంగతి. ఈక్వలైజర్ ఏపీవో వేసేటప్పుడు ఏ పరికరానికి అని అడుగుతుంది. హెడ్‌ఫోన్ పేరుతో హ్యాండ్స్‌ఫ్రీ (కాల్స్‌కి వాడేది) అని ఇంకోటి కూడా కనపడితే స్టీరియో ఉన్నదానికి టిక్ పెట్టండి. తర్వాత రీస్టార్ట్ తప్పనిసరి. అయినా మార్పు వినపడకపోతే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ హెడ్‌ఫోన్‌కి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేసి ఉన్నాయేమో చూడండి, ఆపేస్తే ఇది కూడా ఆగిపోతుంది. ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ (శబ్దాన్ని నేరుగా పరికరానికే పంపే పద్ధతి) ఉన్నా ఈక్వలైజర్‌ని దాటేసి పోతుంది. ఆన్‌లైన్ మీటింగ్‌లో మైక్ ఆన్ కాగానే శబ్దం పాత ట్రంకు కాల్ మాదిరి అయిపోతుందే, అది ఈక్వలైజర్ తప్పు కాదు. బ్లూటూత్ అప్పుడు కాల్ మోడ్‌లోకి దిగుతుంది, పై ఫ్రీక్వెన్సీలను పంపనే పంపదు. లేనిదాన్ని పెంచలేం. మీటింగ్‌కి ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకుంటే హెడ్‌ఫోన్ స్టీరియోలోనే ఉంటుంది.

ఆటోఈక్యూ గురించి కూడా చెప్పాలి. వేల మోడళ్ల కొలతలు తీసుకుని ఒక్కోదానికి సిద్ధంగా ఫిల్టర్లు ఇచ్చే ఉచిత ప్రాజెక్టు ఇది. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్‌లో మోడల్ పేరు వెతికితే అవే వస్తాయి. హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్ బృందం 2013 నుంచి శ్రోతలకు వినిపించి, ఎక్కువమంది మెచ్చిన ధ్వనిని గీతగా గీశారు. ఆటోఈక్యూ ఎక్కువగా అట్టాంటి గీత వైపే లాగుతుంది. మీ మోడల్ అందులో ఉంటే దానితో మొదలుపెట్టడం మంచిదే. నా లెక్కలో 6,000 కింద దాన్ని నమ్మొచ్చు, పైన మాత్రం అంకెలను సగానికి కోసుకోవాలి. పై ఫ్రీక్వెన్సీలలో శిఖరాలు చెవి ఆకారాన్ని బట్టి, ఇయర్‌బడ్ అయితే ఎంత లోపలికి దిగిందో దాన్ని బట్టి చోటు మార్చుకుంటాయి. కొలిచిన బొమ్మ చెవిలో 8,000 దగ్గరున్న ముల్లు మీ చెవిలో 7,200 దగ్గర ఉండొచ్చు. లేని ముల్లును కోస్తే గుంట పడుతుంది.

బస్సులో వినేదానికి ఇంకో ప్రీసెట్ వేరుగా దాచుకోండి. ఇంజన్ మోత, టైర్ల మోత అంతా కింది ఫ్రీక్వెన్సీలలోనే ఉంటుంది, మీ బేస్‌ను మింగేస్తుంది. అందుకే ఇంట్లో సరిపోయిన సెట్టింగ్ బస్సు కావలి దాటేలోపే పలుచనైపోయినట్టుంటుంది. అప్పుడు వాల్యూమ్ మొత్తం పెంచితే చెవికి చేటు. దానికి బదులు పై లెక్కకి 80 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ చోటికి కిందున్నదంతా కలిపి ఎత్తే, దించే ఫిల్టర్) ప్లస్ 3 కలిపి ప్రీయాంప్‌ను మైనస్ 3 చేయండి. 180ని మాత్రం దించిన చోటే ఉంచండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. బస్సులో పెంచిన వాల్యూమ్‌తోనే ఇంటికొచ్చి నిశ్శబ్దంలో పెట్టుకుంటే అదెంత ఎక్కువో మీకే తెలుస్తుంది.

రాత్రి అందరూ పడుకున్నాక సన్నగా వింటే కూడా బేస్ తగ్గినట్టుంటుంది, కానీ కారణం వేరు. శబ్దం తగ్గే కొద్దీ చెవి కింది ఫ్రీక్వెన్సీలను ఇంకా తక్కువగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీని గీతలు గీశారు. బస్సు ప్రీసెట్టే రాత్రికీ సరిపోతుంది.

ఇంట్లో పాత స్టీరియో ఉండి దాని సాకెట్‌లో వైరు పెట్టి వినేవాళ్లు కూడా ఇట్టాంటి ప్రశ్నే అడుగుతుంటారు. బేస్, ట్రెబుల్ అని ఉండే ఆ రెండు మరలు ఎక్కువగా ఇంజనీర్ పీటర్ బాక్సాండాల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన సర్క్యూట్ వంశానివి. అవి గీతను ఒకచోట పట్టుకుని ఎత్తవు, మధ్య నుంచి ఒక చివర మొత్తాన్ని తలుపు రెక్కలా పైకో కిందికో తిప్పుతాయి. బేస్ మర తిప్పితే లోతు, గుమ్ము కలిసే లేస్తాయి, విడదీయలేం. ట్రెబుల్ కూడా అంతే. మీ జబ్బుకి ఆ మందు పనిచేయదు. రెండు మరలూ మధ్య గుర్తు మీద పెట్టి, బేస్‌ను చిటికెడు తగ్గించి వదిలేయడమే.

ఏ పాటలతో సరిచూసుకోవాలన్నది ఇంకో చిక్కు. బాలసుబ్రహ్మణ్యం మన నెల్లూరు మనిషే కాబట్టి ఇక్కడ ఎవరు హెడ్‌ఫోన్ కొన్నా మొదట ఆయన పాటే పెడతారు. పెట్టండి, కానీ 1966లో మొదలైన ఆయన తొలి ఏళ్ల పాటలు వద్దు. అప్పటి మోనో రికార్డింగుల్లో మరీ కిందా, మరీ పైనా ఉండే సరుకే తక్కువ. అక్కడ పెంచితే కరెంటు హమ్మూ, టేపు బుస్సూ తప్ప ఏమీ లేవవు. వాటికి నప్పేలా ఈక్వలైజర్ పెట్టుకుంటే కొత్త పాటలన్నీ చెడతాయి. స్టీరియో కాలంలో శుభ్రంగా రికార్డయిన ఆయన పాట ఒకటి, ఆడగొంతు పాట ఒకటి, మృదంగం ఉన్న కచేరీ ఒకటి, ఉత్త మాటలది ఒకటి, నాలుగు చాలు. మృదంగం ఎడమ తల గుమకీ వేసినప్పుడు స్వరం జారడం వినపడాలి. గుమ్ము ఉన్న హెడ్‌ఫోన్‌లో ఆ జారుడు ఒకే ముద్దలా వినపడుతుంది, 180 దించాక స్వరం ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో విడిగా తెలుస్తుంది. గొంతుకన్నా ఇదే ఖచ్చితమైన పరీక్ష.

మన ఎండలకి, ఉక్కపోతకి రెక్సిన్ మెత్తలు ఏడాది రెండేళ్లకే పొట్టు లేస్తాయి. మార్చినప్పుడు మందంలోనో, బట్టలోనో తేడా వస్తే బేస్ మొత్తం మారిపోతుంది. గుడ్డ మెత్తలు వేస్తే సాధారణంగా తగ్గుతుంది. ఈ లెక్కలన్నీ అప్పుడు మళ్లీ మొదటినుంచీ చేసుకోవాల్సిందే.

కొని వారమే అంటున్నారు, రిటర్న్ గడువు దాటిపోకముందే ఇంకో పరీక్ష చేయండి. ఈక్వలైజర్ అంతా ఆపేసి టోన్ జనరేటర్‌లో 30 నుంచి 200 దాకా మెల్లగా జరపండి, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లోనే. మోత నున్నగా ఎక్కుతూ దిగుతూ పోతే డ్రైవర్ బాగున్నట్టు. ఒక చెవిలో మాత్రం ఏదో ఒకచోట బర్రుమని కాగితం కొట్టుకున్నట్టు శబ్దం వస్తే డ్రైవర్ దగ్గర వెంట్రుకో, దుమ్మో, ఊడిన జిగురో ఉంది. ఆ బర్రును పోగొట్టడం ఈక్వలైజర్ పని కాదు. పెట్టె, బిల్లు తీసుకుపోయి మార్పించుకోండి.